పాత మేడలకు కొత్త హంగులు
బెర్లిన్‌లో అద్దెదార్లకు తప్పని బరువు

జర్మనీ రాజధాని బెర్లిన్‌లో వందేళ్లు దాటిన మేడలకు గిరాకీ ఎక్కువ. కొత్త కిటికీలు, లిఫ్టులు అమర్చి యజమానులు అద్దెలు పెంచుతున్నారు. తెలుగు పల్లెల నుంచి చదువులకు వెళ్లిన పిల్లలు కూడా ఆ నగరంలోనే గది వెతుక్కుంటున్నందున, పొలం కుదువపెట్టి పంపిన తల్లిదండ్రులకు ఈ వ్యవహారం పరాయిది కాదు.

నగర విస్తరణకు 1862లో హోబ్రెక్ట్ అనే ఇంజనీరు ప్లాను వేశారు. వీధి వైపు ఒక మేడ, వెనుక ఇరుకు పెరడు, దాని వెనుక మరో మేడ చొప్పున ఇళ్లు లేచాయి. ముందు వాటాల్లో కలవారు, వెనుక వాటాల్లో కూలీలు ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో కూలగా మిగిలినవి తూర్పు బెర్లిన్‌లో దశాబ్దాల పాటు మరమ్మతుకు నోచుకోలేదు. ప్రెంజ్‌లావర్ బెర్గ్ పేటలో 1990 నాటికి కూడా అనేక వాటాల్లో బొగ్గు పొయ్యిలు, మెట్ల పక్కన ఉమ్మడి మరుగుదొడ్లు ఉండేవి. జర్మనీ ఏకమైన తరువాత ఇళ్లు బాగుపడ్డాయి. కాని పాత కాపురస్తులు చాలామంది పేట వదిలిపోయారు.

చట్టం ఉంది, సందూ ఉంది

ఇల్లు ఆధునికం చేసిన ఖర్చులో ఏటా 8 శాతం అద్దెకు కలుపుకోవచ్చునని చట్టం చెబుతోంది. 2019కి ముందు ఇది 11 శాతం. ఒక వాటాపై 20 వేల యూరోలు ఖర్చయితే నెలకు 133 యూరోలు పెరుగుతుందన్నమాట. మామూలు మరమ్మతుల ఖర్చు ఇందులో కలపరాదు. పెంపు ఆరేళ్లలో చదరపు మీటరుకు 3 యూరోలు దాటరాదు.

కొత్తగా ఇచ్చే అద్దె ఆ ప్రాంతపు సగటు కంటే 10 శాతానికి మించరాదన్న నిబంధన 2015లో వచ్చింది. అయితే సమూలంగా బాగుచేసి మొదటిసారి అద్దెకిచ్చే ఇంటికి ఇది వర్తించదు. బరువంతా కొత్తగా వచ్చే వారిపై పడుతున్నది ఇక్కడే.

బెర్లిన్ ప్రభుత్వం 2020లో అద్దెలను స్తంభింపజేసింది. అది రాష్ట్ర అధికారానికి మించినదని 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. తగ్గిన అద్దె కట్టిన వారిలో అనేకులు తేడా సొమ్ము తిరిగి చెల్లించవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో, పెద్ద కంపెనీల ఇళ్లను ప్రజాపరం చేయాలన్న ప్రతిపాదనకు చెల్లిన ఓట్లలో 59 శాతం అనుకూలంగా పడ్డాయి. ప్రజల ఆగ్రహం ఎంతటిదో దీనివల్ల తెలుస్తోంది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

వీసాకు విద్యార్థి ఖాతాలో చూపవలసిన మొత్తాన్ని 2024 సెప్టెంబరులో నెలకు 992 యూరోలుగా నిర్ణయించారు. గది అద్దె, తిండి, బీమా అన్నీ అందులోనే సరిపెట్టుకోవాలి. ప్రకటనల్లో కనిపించేది తరచు 'చల్లని అద్దె' మాత్రమే. గది వేడి, నీటి ఖర్చులు అదనం. ఎత్తయిన పాత గదులను చలికాలంలో వెచ్చగా ఉంచడానికి ఖర్చు ఎక్కువ.

అడ్వాన్సు మూడు నెలల చల్లని అద్దెకు మించరాదు. దానిని మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. ఇల్లు చూడకముందే, ఒప్పందం చేతికి రాకముందే డబ్బు పంపమంటే అది మోసమని అనుమానించడం మంచిది. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించాలి. అందుకు యజమాని సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వనంటే ఆ ఇల్లు వదులుకోవడమే మేలు.

పాత ఇల్లు బాగుచేయవద్దని ఎవరూ అనరు. ఖర్చు యజమాని ఎంత భరించాలి, అద్దెదారు ఎంత భరించాలి అన్నదే తగవు. నిబంధనలలోని సందు పూడ్చనంత వరకు ఆ తగవు తీరదు. ఈలోగా అక్కడికి వెళ్లే పిల్లలు ఇంటి హంగు చూసి కాక, ఒప్పందం పూర్తిగా చదివి సంతకం చేయడం అవసరం.