లూజు కాంటాక్టు

మిల్లులో ముప్పై ఏండ్లు కరెంటు పని చేసినాను. మోటారు వేడెక్కితే ముందు చూడాల్సింది టెర్మినల్ బోల్టు. ఒక రాత్రి షిఫ్టులో పైపైన చూసి ‘బాగానే ఉండాది’ అనుకుని వదిలేసినాను. బోల్టు వదులు. మంట లేచి, నాతో పనిచేసే తమ్ముడి చెయ్యి కాలింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా తల వంచుకుంటాను.

మొన్న మనవడు అడిగినాడు: “తాతా, ఉప్పుతో బ్యాటరీ చేస్తారంట, నిజమేనా?”

నిజమేరా. ఉప్పులో ఉండేది సోడియం. కిలో ఉప్పులో 390 గ్రాములకు పైనే ఉండాది. లిథియం మన దేశం బయటినుంచి కొంటుంది. ఉప్పు మాత్రం తూత్తుకుడి అళాల్లో కుప్పలు కుప్పలు.

ఇప్పటి ఫోను, స్కూటరు బ్యాటరీల లోపల ఉండే ద్రవం మండే రకం. దాని బదులు మండని గట్టి పింగాణీ బిళ్ల పెట్టాలని శాస్త్రజ్ఞుల ప్రయత్నం. 1976లోనే హాంగ్, గూడెనఫ్ ‘నాసికాన్’ అనే అలాంటి సరుకును బయటపెట్టినారు. గూడెనఫ్‌కు 2019లో, లిథియం బ్యాటరీల పనికి, నోబెల్ కూడా వచ్చింది.

మరి చిక్కేమిటి? నా బోల్టు చిక్కే! ద్రవమైతే సందుసందుకూ పారుతుంది. గట్టిది గట్టిదానిమీద పెడితే, సున్నం లేకుండా ఇటుకమీద ఇటుక పెట్టినట్టే, అక్కడక్కడే తగులుతుంది. కరెంటంతా ఆ కొన్ని చోట్లనే దూరుతుంది. వాడేకొద్దీ సోడియం తరిగి గుంతలు పడతాయి. చార్జి చేసేటప్పుడు సోడియం సూదుల్లా పెరిగి, బిళ్లలోని పగుళ్లలో దూరి, షార్టు చేస్తుంది.

అందుకే బిళ్లను నున్నగా రుద్దుతారు, అదిమి బిగిస్తారు, మధ్యలో తగరమో కార్బనో పలచగా పూస్తారు. కొందరు సోడియాన్ని కరిగించి అంటిస్తారు. అది 98 డిగ్రీలకే కరుగుతుంది. అవతలి ఎలక్ట్రోడు వైపు మెత్తని పాలిమరు పొర వేస్తారు. అదే ఇటుకల మధ్య సున్నం.

ఇలాంటి చదువు ఎక్కడో లేదు. మన నరికుడికి పక్క జిల్లా కారైకుడిలోనే కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ ఉండాది. అళగప్ప చెట్టియారు 300 ఎకరాలు, 15 లక్షల రూపాయలు ఇస్తే, 1953లో తెరిచినారు. అక్కడ బి.టెక్ కూడా ఉండాది. మన పిల్లలకు చెప్పండి.

అక్కలారా, అన్నలారా, ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో ఇన్వర్టరుంటే ఆపి, బ్యాటరీ టెర్మినల్ చూడండి. తెల్లపొడి పట్టివుంటే, వదులైవుంటే, తెలిసినవాడిని పిలిచి తుడిపించి బిగించండి. ‘బాగానే ఉండాది’ అని మాత్రం వదిలేయకండి.