తేనె సీసా మీద నిర్వాసితుల పేరు

గత నెల మన సంఘం ఆఫీసుకు రెండు అట్టపెట్టెల నిండా తేనె సీసాలు వచ్చాయి. ఒక్కొక్కటి 250 రూపాయలు. సీసా మీద కొండలు, గోదావరి, నెత్తిన బుట్ట పెట్టుకున్న గిరిజన స్త్రీ బొమ్మ. కింద ‘ప్రతి సీసాపై 5 రూపాయలు పోలవరం నిర్వాసితులకు’ అని అచ్చు వేశారు. సభ్యులకు అమ్మిపెట్టమని కంపెనీ మనిషి అడిగాడు. మంచి పనే కదా అని మనలో కొందరు అప్పటికప్పుడే తలా రెండు తీసుకున్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. కానీ ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం.

లక్ష సీసాలు అమ్ముడుపోయాయనుకోండి. కంపెనీకి రెండున్నర కోట్ల వ్యాపారం. నిర్వాసితులకు 5 లక్షలు. ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ చేయాల్సిన కుటుంబాలు ప్రభుత్వ లెక్కల్లోనే లక్షకు పైగా ఉన్నాయి. తలా ఐదు రూపాయలు కూడా రావు. మరి 2013 భూసేకరణ చట్టం ఏమంటోంది? ఒక్కో కుటుంబానికి ఉద్యోగమైనా ఇవ్వాలి, ఒకేసారి 5 లక్షలైనా ఇవ్వాలి, లేదంటే నెలకు 2 వేలకు తగ్గకుండా 20 ఏళ్లు ఇవ్వాలి. అంటే లక్ష సీసాలు అమ్మి పోగేసిన సొమ్ము ఒకే ఒక్క కుటుంబానికి చట్టప్రకారం రావాల్సిన ఒక్క పద్దుకు సరిపోతుంది. ఇల్లు, ఏడాదిపాటు జీవనభృతి, సామాను తరలించుకునే ఖర్చు, పశువుల కొట్టానికి డబ్బు, ఇవన్నీ వేరే పద్దులు.

ఇంకో పద్దు ఉంది. అది మనకే తగులుతుంది కాబట్టి ఎవరూ గట్టిగా మాట్లాడరు. సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన కుటుంబానికి, పరిహారానికి బదులుగా, అదే ప్రాజెక్టు ఆయకట్టులో కనీసం ఎకరా ఇవ్వాలని ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకైతే పోయినంత భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది. పక్కనే ‘సాధ్యమైనంత వరకు’ అనే మాట కూడా రాసి పెట్టారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్నేళ్లయినా గడిపేయవచ్చు. మన కాలువల కింద ఏ ఊళ్లో ఏ కోయ కుటుంబానికి, ఏ కొండరెడ్డి కుటుంబానికి ఎకరా ఇచ్చారో చూసినవాళ్లు ఎవరైనా ఉంటే సంఘానికి చెప్పండి.

మనది డెల్టా సంఘం. 194 టీఎంసీల జలాశయం నిండితే దాళ్వాకు నీళ్ల బెంగ తీరుతుందని ఎదురుచూస్తున్నవాళ్లం. ఆ ఆశ తప్పు కాదు. అయితే మన చేలోకి వచ్చే నీళ్లు వాళ్ల ఊళ్ల మీదుగా వస్తున్నాయి. మొదట్లో సేకరించిన భూములు పాత 1894 చట్టం కింద ఎకరా లక్ష, లక్షన్నర లోపే పోయాయి. ఆ ధరకు మన ఊళ్లో ఇవాళ ఇంటి స్థలమైనా వస్తుందా? మనం పడ్డ బాకీని ఐదు రూపాయల చందాగా మార్చి, దాన్ని తేనెతో కలిపి అమ్ముతుంటే మనం చిల్లర తీసి ఇస్తున్నాం.

ఆ బొమ్మలోని బుట్ట సంగతి కూడా చెప్పాలి. చింతపండు, ఇప్పపువ్వు, కుంకుళ్లు, అడ్డాకులు, కొండచీపుర్లు, తేనె, ఇవన్నీ అడవిలో ఏరి సంతలో అమ్ముకుని బతికిన జనం వాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం వాళ్ల సొంతమని ఒప్పుకుంది. కాలనీకి తరలించాక అడవి ఎక్కడ? చింతచెట్టు ఎక్కడ? పరిహారం లెక్కగట్టేవాళ్లు పట్టా భూమిని కొలుస్తారు గానీ ఏటా చింతపండు రాలే చెట్టుకింద చోటును కొలవరు. నిన్నటిదాకా తేనె అమ్మినవాళ్లు ఇవాళ కొట్లో పంచదార కొనుక్కుంటున్నారు. వాళ్ల పేరుతో తేనె అమ్మేది ఇంకొకరు. ఆ సీసాలో తేనె ఏ అడవిదో, తీసినవాడికి కిలోకు ఎంత ఇచ్చారో అడిగితే కంపెనీ మనిషి ఆఫీసులో కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.

మనమూ అమ్మాం, అది దాచేది లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మన ఆడవాళ్లు ఆవకాయ సీసాలు అమ్మి డబ్బు పోగేశారు. బియ్యం, దుప్పట్లు వేసుకుని వెళ్లాం. గుట్టమీద టార్పాలిన్ కింద ఉన్న ఒక పెద్దామె దుప్పటి తీసుకుని, మీ కాలువకు నీళ్లు ఎప్పుడొస్తాయి నాయనా అని అడిగింది. ఎగతాళిగా కాదు, మామూలుగానే అడిగింది. మాలో ఒక్కరం జవాబు చెప్పలేకపోయాం. వరదలో మునిగినవాడికి ముందు దుప్పటి కావాలి, రేపు వరదొచ్చినా మళ్లీ ఆవకాయ అమ్ముతాం. కాకపోతే దాన్ని పునరావాసం అనుకోం.

సరుకు మీద కొంత వేసి నిరాశ్రయులను ఆదుకోవడం ఈ దేశానికి కొత్త కాదు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటిమంది దాకా శరణార్థులు వచ్చినప్పుడు కేంద్రం ఉత్తరాల మీద 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాలని పెట్టింది. మన నాన్నలు అంటించారు. అది ప్రభుత్వం వేసిన పన్ను, ఖజానాకు పోయింది. ఏ కంపెనీ పేరూ దానితో పెరగలేదు. ఇప్పుడు మాత్రం ప్రభుత్వం పక్కకు తప్పుకుంటుంది, కంపెనీ సీసా పట్టుకొస్తుంది.

సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం 38వ సెక్షను చెబుతోంది. 41.15 మీటర్ల కాంటూరు మొదటి దశ అయినా, 45.72 పూర్తి మట్టం అయినా ఆ షరతు మారదు. నిర్వాసితుల గ్రామసభలు సరేననే దాకా నీళ్లు నిలపొద్దని డెల్టా రైతులుగా మనమే తీర్మానం చేయాలని వచ్చే నెల మహాసభ ముందు పెడుతున్నాం. మన దాళ్వా ఒక ఏడు ఆలస్యమవుతుందని కొందరు కోప్పడతారు. కోప్పడనివ్వండి, సభలో లేచి ఆ మాటే చెప్పమనండి. ముంపు మండలాల వాళ్లు ఏరిన చింతపండు, చీపుర్లు వాళ్లు చెప్పిన ధరకు నేరుగా తెచ్చి సంఘం ఆఫీసులో పెట్టే పని కూడా మొదలుపెడుతున్నాం. ఎంతకు కొన్నామో, ఎంతకు అమ్మామో బోర్డు మీద రాస్తాం.

తేనె పెట్టెలు బీరువా పక్కనే ఉన్నాయి. వచ్చి తీసుకెళ్లమని కంపెనీకి కబురు పంపాం.