చూపుకు శిక్షణ

రెండేళ్ళపాటు ఎన్నో దోమలను కోసి చూచిన పిమ్మట, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు సమీపాన బేగంపేటలో రోనాల్డ్ రాస్ సామాన్యమైన సూక్ష్మదర్శినితో దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల కణాలను గుర్తించాడు. మలేరియాను వ్యాపింపజేసేది దోమయే అని నిరూపించడానికి అది తొలిమెట్టు.

ఆ పరికరం నేడెంతో ఎదిగింది. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్లకంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను వేరుచేసి చూపలేదు. వెలుగు చిమ్మే ప్రతిదీప్తి అణువుల సాయంతో ఆ హద్దును దాటిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. జీవకణపు లోపలి నిర్మాణాన్ని చిత్రించే కాన్ఫోకల్ సూక్ష్మదర్శినులు హైదరాబాదులోని సీసీఎంబీలో ఉన్నాయి. అటువంటి చిత్రాలలోని కణాలను కంప్యూటర్లు క్షణాలలో లెక్కిస్తాయి.

అయితే ఏది కణమో, ఏది మరకయో తేల్చే కొలబద్దను యంత్రానికి ఇచ్చేది మానవుడే. కొలబద్ద తప్పైతే లెక్క తప్పుతుంది. అనుకూలమైన చిత్రాన్ని మాత్రమే ఎంచుకొంటే సత్యం మరుగున పడుతుంది. కనుక యంత్రానికి ముందు చూపుకు శిక్షణ కావాలి.

ఈ శిక్షణకు మహానగరం అక్కరలేదు. కోడుమూరు విద్యార్థికి కర్నూలు ఉల్లిపొర చాలు, కుంటలోని నీటిబొట్టు చాలు. సూక్ష్మదర్శినిని పరీక్షలనాడు మాత్రమే బీరువానుండి బయటికి తీసే ఆచారం ఏ కళాశాలకూ తగదు. వారానికొకసారియైనా ప్రతి విద్యార్థి దానిలో చూడాలి. చూచినదానిని చూచినట్లే గీయాలి. శాస్త్రానికి అవే ఓనమాలు.