దెయ్యం పాటలో లేదండీ!

కదమాలో మా పక్కవీధి తెలుగాయన మొన్న ఇంటికొచ్చారు. "అన్నగారూ, మావాడు మూడు నెలలుగా సరిగా తినడు, పడుకోడు, ఎవరితోనూ మాట్లాడడు. పొద్దస్తమానం ఏవో అరుపుల పాటలే. అందులో సైతాను ఉందట. సరాయకేలా వైపు ఓఝా ఒకడున్నాడు, తీసుకెళ్తున్నా" అన్నారు. ఆయన ఇంజనీరు!

కుర్రాడు వినేది జూడాస్ ప్రీస్ట్. దాని గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ 1951లో పుట్టి, బర్మింగ్‌హాం పక్కన వాల్‌సాల్‌లో పెరిగాడు. తండ్రి ఉక్కు పనివాడు. అంటే మన టాటా ఊరి పిల్లల్లాంటివాడే. 1973లో బ్యాండులో చేరాడు. తోలుబట్టలు, మోటారు సైకిలు మీద స్టేజీకి రావడం, చెవులు చిల్లులు పడే గొంతు. నాకా సంగీతం పడదు, నేను ఘంటసాల దగ్గరే ఆగిపోయాను. కానీ నాకు నచ్చకపోవడం సాక్ష్యం కాదు కదా.

1985 డిసెంబరులో అమెరికాలోని నెవాడాలో ఇద్దరు కుర్రాళ్ళు ఆత్మహత్యకు పూనుకున్నారు. ఒకడు అప్పుడే పోయాడు, రెండోవాడు 1988లో. 1978 నాటి 'స్టెయిన్డ్ క్లాస్' రికార్డులో ఒక పాటలో "చేసెయ్" అనే మాట రహస్యంగా దాచారనీ, అదే వాళ్ళను చంపిందనీ కుటుంబాలవాళ్ళు దావా వేశారు. 1990లో రీనోలో విచారణ జరిగింది. అది తను ఊపిరి వదిలిన చప్పుడూ గిటారు చప్పుడూ కలిసినదేనని హాల్ఫర్డ్ సాక్ష్యం చెప్పాడు. తన పాటల్నే వెనక్కి తిప్పి కోర్టులో వినిపించాడు. ఒకచోట, కుర్చీ విరిగిందని ఎవరో అమ్మతో చెబుతున్నట్టుంది! వెతికే చెవికి ఏదైనా వినిపిస్తుంది. 1995లో వినాయకుడు పాలు తాగినప్పుడు మనం చూడలేదా?

జడ్జి ఆ మాట వినబడుతోందని ఒప్పుకున్నాడు. మనవాళ్ళు కొందరు ఈ సంగతి దాటేస్తారు, అది తప్పు. కానీ కావాలని పెట్టింది కాదనీ, చావులకు అదే కారణమని రుజువు కాలేదనీ తీర్పిచ్చాడు.

జీవితమంతా ఓచర్లు చూసినవాణ్ణి. ఒక పద్దు రాస్తే దానికి ఆధారం కావాలి. ఆ రికార్డు లక్షలమంది విన్నారు, వాళ్ళంతా బతికే ఉన్నారేం? ఆ ఇద్దరి జీవితాల్లో తాగుడు, మత్తుమందులు, ఇంట్లో దెబ్బలు, మధ్యలో ఆగిన చదువు ఉన్నాయి. ఆ పద్దులన్నీ వదిలేసి మొత్తం పాట ఖాతాలో రాయడం దొంగలెక్క. హాల్ఫర్డ్ కూడా తాగుడులో మునిగినవాడే. 1986లో చికిత్స కేంద్రంలో చేరి మానేశాడు, ఏ భూతవైద్యుడూ మాన్పించలేదు.

ఇక ఓఝా సంగతి. అతను సైతానుతో ఆగడు, దాన్ని పంపిందెవరో కూడా చెబుతాడు. ఆ వేలు ఏ దిక్కులేని ఆడమనిషి మీదకో తిరుగుతుంది. ఆ సరాయకేలా ప్రాంతంలోనే ఛుట్నీ మహతోను 1995లో మంత్రగత్తె అని ముద్రవేసి హింసించారు. తర్వాత అలాంటి బాధితుల కోసం నిలబడినందుకు 2021లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. జార్ఖండ్‌లో దీనికి 2001 నుంచి చట్టం ఉంది. ఇంజనీరు గారికి ఇవేవీ తెలియవా?

"పాటలు విననివ్వండి. ముందు మానసిక వైద్యుడికి చూపించండి, నేనూ వస్తాను" అన్నాను. ఆలోచిస్తానన్నారు. సోమవారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్తున్నాను.