చేయికే మత్తు.. జిల్లాకు చేరువయ్యేనా?

* భుజం, చేతి శస్త్రచికిత్సలకు అనువైన ‘నెర్వ్ బ్లాక్’
* పూర్తి మత్తు ప్రమాదకరమైన వారికి ఊరట
* వైద్యుడు, యంత్రం, విరుగుడు మందు మూడూ ఉంటేనే ఫలితం

చేయి విరిగిన రోగిని ఏరియా ఆసుపత్రి నుంచి నగరానికి పంపించడం గ్రామీణులకు కొత్త కాదు. తాటిచెట్టు పైనుంచి జారిపడిన గీత కార్మికుడు కావచ్చు, ద్విచక్ర వాహనం అదుపుతప్పి భుజం విరిగిన యువకుడు కావచ్చు, నూర్పిడి యంత్రంలో చేయి పడిన కూలీ కావచ్చు.. ఎముకల వైద్యుడు అందుబాటులో ఉన్నా మత్తు దగ్గరే చిక్కు వచ్చిపడుతుంది. ఆయాసం, గుండెజబ్బు ఉన్న వృద్ధులకు పూర్తి మత్తు ఇవ్వడానికి తగిన ఏర్పాట్లు లేనిచోట వైద్యులు వెనకాడతారు. ఆపై అంబులెన్సు ప్రయాణం, నగరంలో బస, అప్పులు. ఈ పరిస్థితుల్లో మనిషిని నిద్రపుచ్చకుండా చేతిని మాత్రమే మొద్దుబార్చే ‘నెర్వ్ బ్లాక్’ విధానం జిల్లా ఆసుపత్రులకు ఎంతవరకు అక్కరకొస్తుందన్నది చర్చనీయాంశం.

నూరేళ్లు దాటిన విధానం

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 1880వ దశకంలోనే చేతి నరాలకు కొకైన్ మందుతో మత్తు కలిగించారు. 1911లో జర్మనీ వైద్యులు కోత లేకుండా, చర్మం పైనుంచే సూదితో ఈ పని సాధించారు. భుజం శస్త్రచికిత్సలకు నేడు వాడే మెడ పక్క ఇంజెక్షన్ పద్ధతిని 1970లో అమెరికా వైద్యుడు ఆలన్ విన్నీ వివరించారు. అల్ట్రాసౌండ్ తెరపై నరాన్ని చూస్తూ మందు ఎక్కించే పద్ధతిని 1994లో వియన్నా వైద్యులు ప్రచురించారు. కొకైన్ స్థానంలో లిగ్నోకెయిన్, బుపివకెయిన్ వంటి మందులు వచ్చాయి. వీటిలో మొదటిది త్వరగా పనిచేసి కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. రెండోదాని ప్రభావం చాలా గంటలపాటు నిలుస్తుంది.

ఎక్కడ గాయం.. అక్కడికో సూది

మెడ దగ్గర వెన్నుపాము నుంచి వెలువడే 5 నరాల మూలాలు అల్లుకుని చేతికంతటికీ స్పర్శను, కదలికను ఇస్తాయి. వైద్య పరిభాషలో దీనిని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. గాయమైన చోటును బట్టి సూది స్థానం మారుతుంది. భుజానికైతే మెడ పక్కన, భుజం దిగువ నుంచి వేళ్ల దాకా అయితే కాలర్ బోన్ పైన, ముంజేయి, అరచేతికైతే చంకలో మందు ఎక్కిస్తారు. సుమారు 15 నుంచి 30 నిమిషాల్లో చేయి మొద్దుబారుతుంది. రోగి మెలకువగానే ఉంటాడు. గొంతులో గొట్టం వేయాల్సిన అవసరం సాధారణంగా రాదు. శస్త్రచికిత్స ముగిసిన తొలి గంటల్లో నొప్పి మందుల వాడకమూ తగ్గుతుంది. చిన్నపిల్లలు కదలకుండా ఉండలేరు కనుక వారికి నిద్రమత్తుతో కలిపి ఇస్తుంటారు.

అందరికీ ఒకే మంత్రం కాదు

అయితే పూర్తి మత్తు తప్పింది కదా అని ముప్పు లేదనుకోవడం పొరపాటు. మెడ పక్క ఇచ్చే మందు, ఊపిరికి తోడ్పడే డయాఫ్రం నరాన్నీ తాకుతుంది. సాధారణ మోతాదులో ఇస్తే దాదాపు ప్రతి రోగిలోనూ ఆ వైపు డయాఫ్రం కొన్ని గంటలు మందగిస్తుంది. ఆరోగ్యవంతులకు ఇది తెలియనైనా తెలియదు. ఏళ్ల తరబడి చుట్ట, బీడీ కాల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న వారికి మాత్రం ప్రమాదమే. అటువంటి వారికి మోతాదు తగ్గించడమో, సూది స్థానం మార్చడమో తప్పదు. కాలర్ బోన్ పైన సూది గురి తప్పితే ఊపిరితిత్తికి తగలవచ్చు. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళితే మూర్ఛ రావచ్చు, గుండె ఆగే స్థితి ఏర్పడవచ్చు. దీనికి విరుగుడుగా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణాన్ని సిరలోకి ఎక్కిస్తారు. మనుషుల్లో దీనితో ప్రాణం నిలిచిన తొలి ఉదంతాలు 2006లో వెలుగుచూశాయి. ఈ సీసా థియేటర్‌లో చేతికందేలా లేకుండా బ్లాక్ ఇవ్వడం సాహసమే అవుతుంది. బ్లాక్ సరిగా పట్టకపోతే పూర్తి మత్తుకు మారాల్సి వస్తుంది కాబట్టి పరగడుపు నిబంధన దీనికీ వర్తిస్తుంది.

యంత్రానికి చట్టం ముడి

నరాన్ని, సూదిని, రక్తనాళాన్ని ఒకే తెరపై చూపే అల్ట్రాసౌండ్ వల్ల తక్కువ మందుతో పని జరుగుతుంది. గురి తప్పే అవకాశమూ తగ్గుతుంది. కానీ ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం అనగానే గర్భిణుల విభాగమే గుర్తుకొస్తుంది. ఆడశిశువుల రక్షణకు 1994లో వచ్చి, 2003లో సవరణలతో పదునెక్కిన లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం స్కానింగ్ యంత్రాన్ని, దానిని ఉంచే చోటును నమోదు చేయించాలి. మత్తు వైద్యుడు నరాలు చూసేందుకు వాడినా ఈ నిబంధన నుంచి తప్పించుకోలేరు. చట్టం ఉద్దేశం సమున్నతమైనది, దానిని సడలించాల్సిన పనిలేదు. థియేటర్ యంత్రానికి సకాలంలో నమోదు చేయించి, రికార్డులు సక్రమంగా నిర్వహిస్తే సరిపోతుంది. ఆ బాధ్యత ఎవరిదో తేలకపోతే యంత్రం వచ్చినా గదికే పరిమితమవుతుంది.

చెప్పకపోతే గందరగోళం

మెడ పక్క బ్లాక్ తరువాత ఆ వైపు కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం కొందరిలో కనిపిస్తుంది. మందు ప్రభావం తగ్గగానే ఇవీ తగ్గుతాయి. ముందుగా చెప్పకపోతే పక్షవాతం వచ్చిందని బంధువులు బెంబేలెత్తడం సహజం. మొద్దుబారిన చేతికి వేడి, దెబ్బ తెలియవు. స్పర్శ తిరిగి వచ్చేవరకు చేతిని మెడకు కట్టిన పట్టీలోనే ఉంచాలి, పొయ్యి దరికి వెళ్లకూడదు. మత్తు విడిచాక నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అది అర్ధరాత్రి వేళ కావచ్చు కనుక వైద్యుడు రాసిన మాత్రలను ముందే వేసుకోవాలి. కట్టు బిగుసుకుని వేళ్లు నల్లబడినా, చల్లబడినా, ఒక రోజు దాటినా తిమ్మిరి వీడకున్నా వెంటనే ఆసుపత్రికి రావాలి.

చేయాల్సిందేమిటి?

ఖరీదైన భవనాలకన్నా నాలుగు ఏర్పాట్లు ముఖ్యం. శిక్షణ పొందిన మత్తు వైద్యుడు, నమోదైన స్కానింగ్ యంత్రం, ఆక్సిజన్‌తో పాటు విరుగుడు మందు, రోగి ఇంటికి తీసుకెళ్లేందుకు తెలుగులో రాసిన జాగ్రత్తల కాగితం. వీటిలో మత్తు వైద్యుడి పోస్టే కీలకం. అది ఖాళీగా ఉంటే మిగిలిన మూడూ వృథాయే. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సమావేశాల్లో మంచాలు, ఫ్యాన్ల వరుసలో ఈ అంశాన్నీ చేర్చి ప్రజాప్రతినిధులు పట్టించుకుంటే, చేయి విరిగిన పేదవాడికి నగర ప్రయాణమైనా తప్పుతుంది.