ఇనుప ముసుగుకు టికెట్, బుర్కినీకి జుర్మానా

ఫ్రాన్స్‌లో బుర్కినీ నిషేధం మాట ఎత్తితే చాలు, మనవాళ్లలోనే చదువుకున్న జనాబ్‌లు కొందరు చప్పున అనేస్తారు: "వాళ్ల ముల్క్, వాళ్ల ఖానూన్. పోయిన మెహమాన్ నోరు మూసుకుని ఉండాలి." వీళ్లను ఒక్కసారి కేన్స్ తీసుకుపోయి, ఇక్కడ ఎవరు మెహమాన్, ఎవరు మేజ్‌బాన్ అని అడగాలనుంది నాకు.

నేను చూసింది ఒక్క రోజే. సముద్రం పక్కనే క్రొవాజెత్ అనే పెద్ద రోడ్డు. ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎర్ర తివాచీ పరిచే మెట్లు అక్కడే. ఇసుకలో చాలా భాగం ప్రైవేటు. కుర్చీకి, గొడుగుకి పైసలు కట్టాలి. ఆ రోడ్డు మీది షాన్‌దార్ హోటళ్లు కార్ల్‌టన్, మార్టినెజ్. రెండింటి మాలిక్‌లు ఖతర్ వాళ్లే. ముస్లిం డబ్బు ఆ ఊరికి ఎన్నడూ బేగానా కాలేదు.

2015 జులైలో సౌదీ బాద్షా పక్క ఊరు వల్లోరిస్‌లోని తన విల్లాకు వచ్చాడు. ఆయన కోసం హుకూమత్ విల్లా కింద ఉన్న పబ్లిక్ బీచ్‌నే మూసేసింది. లక్షమందికి పైగా సంతకాలు పెట్టి మొత్తుకున్నా తెరవలేదు. అప్పుడు ఈ ఖానూన్, ఈ అందరూ బరాబర్ అనే మాట ఎక్కడికి పోయాయి?

మరుసటి ఏడాది జులై 14న నీస్‌లో ఒక జాలిమ్ లారీతో 86 మందిని చంపాడు. చనిపోయినవాళ్లలో ముస్లింలూ ఎందరో ఉన్నారు. ఆ గమ్ అందరిదీ. కానీ రెండు వారాలకు కేన్స్ మేయర్ తీసిన హుకుం లారీల గురించి కాదు, ఆడవాళ్ల ఈత బట్టల గురించి. మర్యాదకూ, సెక్యులరిజానికీ తగిన బట్ట కాకపోతే 38 యూరోల జుర్మానా. బుర్కినీని 2004లో కుట్టింది ఆస్ట్రేలియాలో ఉండే లెబనాన్ ఆడమనిషి, అహీదా జనెట్టి. ఆడపిల్లలు ఇంట్లో కూర్చోకుండా ఆటలకు, నీళ్లలోకి రావాలని కుట్టింది. దాన్ని తీవ్రవాదుల యూనిఫాం అన్నాడు మేయర్ సాబ్.

వాళ్ల ఖానూన్ అంటారు కదా, వాళ్ల ఖానూనే ఏమందో వినండి. ఆగస్టు 26న ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం పక్కనున్న విల్‌నెవ్-లూబె ఊరి నిషేధాన్ని ఆపేసింది. మౌలిక స్వేచ్ఛల మీద అది చట్టవిరుద్ధమైన దెబ్బ అని తేల్చింది. ఆ ఇన్సాఫ్ నోరు మూసుకున్నవాళ్లకు దొరకలేదు, కోర్టుకు పోయినవాళ్లకు దొరికింది. 2022లో ఉడిపి కాలేజీ గేటు బయట మన బచ్చీలను నిలబెట్టినప్పుడూ ఈ జనాబ్‌లది ఇదే పాట: "కాలేజీ వాళ్లది, రూల్ వాళ్లది." (టెహ్రాన్‌లో లాఠీతో తల కప్పించేవాళ్లనూ నేను మాఫ్ చేయను. బట్ట ఆమెది, మర్జీ ఆమెది.)

ఇంక మెహమాన్ సంగతి. కేన్స్ ఎదురుగానే సెయింట్ మార్గరెట్ అని దీవి ఉంది. పడవలో పావుగంట. అక్కడి కోటలో పదిహేడో శతాబ్దంలో ముఖానికి ముసుగేసిన ఖైదీ ఒకడుండేవాడు. ఇనుప ముసుగు మనిషి అని కథలు, సినిమాలు. టికెట్ కొని ఆ గది చూస్తారు జనం. ముఖం కప్పిన మనిషంటే ఎంత ముచ్చటో!

అదే కోటలో 1840ల నుంచి అల్జీరియా ముస్లింలనూ ఖైదు చేశారు. ఫ్రాన్స్ దండయాత్రను ఎదిరించిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ డేరాల బస్తీని 1843లో పట్టుకుని, అందులోని ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా సముద్రం దాటించి తెచ్చారు. తిరిగిపోలేనివాళ్లు అక్కడే మట్టయ్యారు. వీళ్లు మెహమాన్‌లా? వీసా అడిగి వచ్చారా? అదే అమీర్ 1860లో దమాస్కస్‌లో వేలమంది క్రైస్తవుల జాన్ కాపాడితే ఫ్రాన్స్ తన పెద్ద పతకం ఇచ్చింది. ఆయన మనుషుల గోరీలు మాత్రం చెట్ల మధ్య, పేర్లు లేకుండా, చుట్టూ పేర్చిన రాళ్లతో ఉన్నాయి.

మన పిల్లలిప్పుడు యూరప్‌లో చదువుతున్నారు, సెలవుల్లో కేన్స్ పోయి ఎర్ర మెట్ల మీద ఫోటోలు పెడుతున్నారు. పెట్టుకోండి బేటా, షౌక్ తప్పు కాదు. పడవ కూడా ఎక్కండి. ముసుగు మనిషి గది చూసినా చూడకపోయినా, ఆ ఖబ్రస్తాన్ దాకా నడిచి ఫాతెహా చదివి రండి.