వీధి యెవరి సొత్తు?

పట్టణము నడుమ బండి నిలుపుటకు రుసుము విధింపవచ్చునా? విధించుట కధికార మెవరిది? ఆ సొమ్ము చేరవలసిన దెచ్చటికి? విజయనగర శ్రీకాకుళ పౌరు లీ మూడు ప్రశ్నలకును సూటియైన సమాధానములు కోరవలసిన కాలము వచ్చినది. ఇది కార్లు గలవారి తగవు మాత్రమేయని తలచి తక్కినవా రూరకుండరాదు. వీధిలో నిలిచిన ప్రతి కారును పాదచారి త్రోవను, గంప దించుకొని కూరలమ్ము నామె జాగాను కొంత హరించుచునే యున్నది.

వాణిజ్య సముదాయములలోను మల్టీప్లెక్సులలోను పార్కింగు రుసుములను కట్టడి చేయుచు రాష్ట్ర ప్రభుత్వ మిచ్చిన యుత్తరువులు 2025 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము మొదటి 30 నిమిషములు ఎల్లరకును ఉచితము. ఆపై గంటవరకు, అచ్చట నేదైన కొన్నట్లు రశీదు చూపినవారికి ఉచితము. గంట దాటినచో సినిమా టిక్కెట్టు గాని, రుసుమును మించిన మొత్తమునకు రశీదు గాని చూపవలయును. ఇష్టము వచ్చినట్లు వసూలు చేయువారి చేతులు కట్టిన యీ యుత్తరువును మేము నిందింపము. కాని యిది మాలునకు బోవువాని కష్టమును తీర్చినదే గాని వీధి కష్టమును తీర్చలేదు. కొనుగోలు రశీదు గలవానికి నీడపట్టున చోటు దొరకును. ముసలితల్లిని ఆస్పత్రికి దెచ్చినవాడును, అర్జీ చేతబట్టుకొని కలెక్టరు కచేరికి వచ్చిన పల్లెటూరి రైతును ఏ రశీదు చూపవలయును?

వీధిలో బండి నిలుపుట ఎల్లకాలమును ఉచితముగ నుండవలయునని వాదించువారు కొందరు గలరు. వారితో మేమేకీభవింపము. వీధి ప్రజలందరి సొత్తు. అందులో పది గజముల నేలను ఉదయమునుండి రాత్రివరకు ఒక్కడు తన కారున కాక్రమించుకొనుట హక్కు కానేరదు. పట్టణములలో భూమి విలువైనదనియు, పార్కింగు రుసుము ఆ విలువకు తగియుండవలయుననియు 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము స్పష్టముగ జెప్పినది. 1935 జూలైలో అమెరికాలోని ఓక్లహామా నగరమున పార్కింగు మీటరు తొలిసారి వెలసినప్పుడు గంటకు ఐదు సెంట్లు వసూలు చేసిరి. అచ్చటి యుద్యోగులు పగలెల్ల తమ కార్లను అంగళ్ళయెదుట నిలిపియుంచుటచే కొనవచ్చినవారికి చోటు లేకుండెను. ఒకడు లేచిపోయి మరియొకనికి చోటిచ్చుటయే యా రుసుము పరమార్థము. ఖజానా నింపుట గాదు, వీధిని విడిపించుట దాని పని. ఆ పని చేయు రుసుమును మేము సమర్థింతుము. చేయనిది సుంకము మాత్రమే.

ఇక విధించు నధికారము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 117వ సెక్షను ప్రకారము వాహనములు నిలుపు స్థలములను నిర్ణయించునది రాష్ట్ర ప్రభుత్వము, లేదా అది యధికారమిచ్చిన వారు. కాని వారు స్థానిక సంస్థను సంప్రదించియే నిర్ణయింపవలయును. విజయనగరమున 2021 మార్చిలో ఎన్నికలైనను జరిగినవి. శ్రీకాకుళము మాట యేమి? 1856లోనే పురపాలక సంఘ మేర్పడిన యా పట్టణమున 2010లో పాలకవర్గము గడువు ముగిసినది. 2014లో రాష్ట్రమంతట పురపాలక ఎన్నికలు జరిగినను అచ్చట జరుగలేదు. 2021లోను జరుగలేదు. ఆ యేండ్లన్నిటను ప్రత్యేకాధికారులే పాలించిరి. అట్టిచోట స్థానిక సంస్థను సంప్రదించుట యనగా అధికారి అధికారినే యడిగి, తానే తలయూపుట గాదా? ఓటులేని పౌరునిపై పన్ను మోపుట యెట్టిదో తెలుగువారికి క్రొత్తగ జెప్పనక్కరలేదు. 1921లో చీరాల పేరాల ప్రజలు, తమకు వలదన్న పురపాలక సంఘమునకు పన్నులు చెల్లింపనొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి రామనగరమున నెలలతరబడి కాపురముండిరి. పరాయి ప్రభుత్వమునాడు అన్యాయమైనది స్వరాజ్యములో న్యాయమగునా?

వసూలు చేయు పద్ధతి యింతకంటె నింద్యము. సంతలకును, బజారులకును ఆశీలు హక్కును వేలము వేసి గుత్తదారునకు కట్టబెట్టుట మన పురపాలక సంఘములకు చిరకాలముగ నలవాటైన పని. పార్కింగును ఆ గాటనే కట్టినచో ఫలమేమి? పాట పాడినవాడు పెట్టిన సొమ్మును, దానిపై లాభమును ఏడాదిలో రాబట్టుకొనవలయును. ఎన్ని బండ్లు నిలిచిన వానికంత లాభము. వీధి ఖాళీ యగుట వానికి నష్టము. వీధిని విడిపింపవలసిన రుసుమును, వీధి నిండిననే బ్రతుకువాని చేతికిచ్చుట విచిత్రము గాదా? 1802 నాటి శాశ్వత కౌలు భారమును తరతరములుగ మోసిన సీమ మనది. 1948 నాటి శాసనముతో జమీందారీలు పోయినవి. నేలపై పోయిన యిజారాను వీధిపై మరల ప్రతిష్ఠింప నేల?

రుసుమునకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. పెద్ద వాణిజ్య భవనములు వాహనములకు తగినంత చోటు విడువవలయుననియు, అందుకై విడిచిన సెల్లారులను వేరొండు పనికి వాడరాదనియు 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు శాసించుచున్నవి. ప్లానులో పార్కింగు, నేలక్రిందికి దిగిచూచిన గిడ్డంగి లేదా అంగడి. ఇట్టి భవనములు లేని పెద్దబజారు మన పట్టణములలో నున్నదా? యజమాని చోటును మ్రింగి బండ్లను వీధిలోనికి నెట్టుచుండ, ఆ వీధిలో నిలిపిన స్కూటరువానికి జరిమానా వేయుట దొంగను విడిచి బాటసారిని బంధించుటయే.

రుసుము పేరిట వీధులు సర్దునపుడు మొదట లేచిపోవునది గంపయే గాని కారు గాదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టము సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చునంతవరకు వారిని తొలగింపరాదని చెప్పినది. పట్టణ విక్రయ సంఘమున నూటికి 40 మందికి తక్కువగాకుండ విక్రేతలే యుండవలయునని విధించినది. వారి యంగీకారము లేక గీసిన తెల్లగీత చట్టవిరుద్ధము గాకున్నను, చట్టము ఆత్మకు విరుద్ధము.

వీధిని ఖాళీ చేయుట అసాధ్యమని అధికారులు పలుకవలదు. ఏటేట పైడితల్లి యమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల కడనుండి కోటవరకు ముమ్మారు తిరుగు దినమున ఆ దారిలో ఒక్క కారు నిలువదు. లక్షలాది జనమునకు ఆ వీధి చాలుచున్నది. అమ్మవారి కొరకు ఒక దినము చేయగలిగినది, జనుల కొరకు మిగిలిన దినములలో కొంతయైన చేయలేమా?

కావున మేము కోరున దిది. మొదట సెల్లారులను తెరపింపుడు. ఎన్నికైన పాలకవర్గము బహిరంగ సమావేశమున తీర్మానింపక యే వీధిలోను రుసుము విధింపకుడు. వేలము మాని పురపాలక సిబ్బందిచేతనే రశీదులతో వసూలు చేయింపుడు. వచ్చిన ప్రతి రూపాయకును లెక్క ప్రకటించి, ఆ వీధి కాలిబాటలకే వెచ్చింపుడు. ఆస్పత్రి, కచేరి ముంగిళ్ళలో రోగికిని అర్జీదారునకును తొలి గంట ఉచితముగ విడువుడు.

పౌరులారా! సోమవారము అర్జీలు గైకొను దినమున ఈ కోరికలను వ్రాసి చేతికిండు. రుసుము అడిగినవానిని ఏ తీర్మానము ప్రకారమని యడుగుడు. అడుగని సొత్తు అన్యుల పాలగును. వీధి మన సొత్తు.